రాజ్యము దేనికొఱకు?

 

నేఁటి ప్రసంగమునకు యవనుల రాజనీతి విచారమును విషయముగా గ్రహించితిని. ఇది వినఁగానే మీలో కొందఱకు ఒక సందేహము కలుగవచ్చును. ఏథెన్సు ఎక్కడ, ఆదోని ఎక్కడ? సముద్రముల కావల, రెండువేల మూఁడువందల యేండ్లకు పూర్వము ఎవరో తత్త్వవేత్తలు చెప్పుకొన్న మాటలు మన వేరుసెనగ రైతునకును, ఎమ్మిగనూరి నేఁతగానికిని ఏమి పనికివచ్చును? సందేహము న్యాయమైనదే. దానికి రెండు సమాధానములు కలవు.

మొదటిది, వారు విచారించిన ప్రశ్న మన ప్రశ్నయే. పన్ను కట్టునపుడు, వాన కురియక విత్తిన గింజ మొలవనపుడు, ఓటు వేయుటకు వరుసలో నిలిచినపుడు మన మనస్సున మెదలు ప్రశ్న యేది? ఈ రాజ్యమనునది దేనికొఱకున్నది? ఏమి చేసినచో అది తన పని చేసినట్లు? ఈ ప్రశ్ననే వారు ఒక శాస్త్రముగా విచారించిరి.

రెండవది, ఆ యవనుల పేళ్ళు మన సీమలోనే ఱాతిమీఁద చెక్కఁబడి యున్నవి. గుత్తికిని పత్తికొండకును నడుమ, తుగ్గలి మండలమున, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచటి గుండ్లమీఁద అశోకచక్రవర్తి శాసనములు బ్రాహ్మీలిపిలో నున్నవి. వాని పదుమూఁడవ శాసనమున అంతియోకుఁడు, తురమయుఁడు, అంతికినుఁడు, మకుఁడు, అలికసుందరుఁడు అని ఐదుగురు యవనరాజుల పేళ్ళు కలవు. ఈ అలికసుందరుఁడు మన దేశముపై దండెత్తివచ్చిన అలెగ్జాండరు కాఁడు, ఆయన క్రీ. పూ. 323లోనే గతించెను. ఇతఁడు తరువాతి కాలపు వేఱొక రాజు. కావున యవనులు మనకు ఎన్నఁడును బొత్తిగా పరాయివారు కారు. ఎఱ్ఱగుడి శాసనములకడకు మరల వత్తము. ముందు ఏథెన్సు సంగతి వినుఁడు.

ఏథెన్సు మన దృష్టిలో పెద్ద రాజ్యము కాదు. ఒక పట్టణము, దానిచుట్టు కొన్ని పల్లెలు, ఒక ఓడరేవు. ఇట్టి చిన్న రాజ్యమును వారు పోలిస్ అనిరి. సభలో కూర్చుండు హక్కుగల పురుషులు ఇరువది ముప్పది వేలకు మించరు. వారు నిక్స్ అను మిట్టమీఁద కూడెడివారు. ముఖ్యమైన కొన్ని తీర్మానములకు ఆఱువేలమంది యుండవలెనని నియమము. మాటలాడఁగోరువా రెవరని చాటింపువాఁడు బిగ్గరగా అడుగును. కమ్మరియు, చెప్పులు కుట్టువాఁడును, రైతును ఎవరైనను లేచి చెప్పవచ్చును. నిత్యవ్యవహారము చూచుటకు ఐదువందలమంది సభ్యులను ప్రతి సంవత్సరము చీట్లు వేసి యెన్నుకొనుచుండిరి.

అయితే ఆ సభయే క్రీ. పూ. 5వ శతాబ్దమున అహంకరించి ఇతర రాజ్యములపై యుద్ధములు చేసి చెడినది. క్రీ. పూ. 399లో ఆ నగరపు న్యాయసభయే సోక్రటీసు అను సాధువునకు విషము త్రావు శిక్ష విధించినది. ఆయన శిష్యుఁడు ప్లేటో. ప్లేటో శిష్యుఁడు అరిస్టాటిలు. ఈ గురుశిష్యులు ఇరువురును ఆ నగరపు మంచిచెడ్డలు కన్నులార చూచి, రాజ్యము దేనికొఱకు అని ప్రశ్నించుకొనిరి.

ముందుగా అరిస్టాటిలు మాట చెప్పెదను. ఆయన క్రీ. పూ. 384లో జన్మించి 322లో గతించెను. ఒక మాట చెప్పుటకు ముందు ఉదాహరణములు పోగుచేయుట ఆయన స్వభావము. ఆయనయు ఆయన శిష్యులును 158 రాజ్యముల కట్టుబాట్లు సేకరించిరని ప్రసిద్ధి. ఆయన వాదము చాల సులభము. భార్యాభర్తలు, బిడ్డలు, సేవకులు కలిసి ఒక ఇల్లు. కొన్ని యిండ్లు కలిసి ఒక గ్రామము. కొన్ని గ్రామములు కలిసి ఒక రాజ్యము. ఇల్లును గ్రామమును దినదినావసరములు తీర్చును. రాజ్యముకూడ మొదట బ్రతుకుటకొఱకే పుట్టును. కాని అది నిలిచియుండుట మాత్రము బాగుగా బ్రతుకుటకొఱకు. బ్రతుకుట వేఱు, బాగుగా బ్రతుకుట వేఱు. ఈ భేదమే ఆయన రాజనీతికి మూలకందము.

ఈ మాటను మన ఊళ్ళలో పెట్టి పరీక్షింతము.

రాజ్యము రక్షణకొఱకే యని కొందఱందురు. దీనికి ఉదాహరణము ఆదోని కోట. మన పెద్దలు ఆదవాని యనిన ఈ దుర్గమునకై ఎందఱో పోరాడిరి. ఇది విజయనగరమువారి చేత నుండి, 1565లో తళ్ళికోట యుద్ధమైన కొలఁదికాలమునకు బిజాపురమువారి పాలైనది. 1688లో మొగలాయి సేనలు పట్టుకొనినవి. 1786లో టిప్పు సుల్తాను పట్టుకొని బురుజులు పడఁగొట్టించెను. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తము చేసెను. ఇన్ని చేతులు మాఱిన కోటకు కావలి తక్కువయైనదా? కాదు. మఱి ఆ గోడలు దేనిని కాచినవి?

దీనికి సమాధానము చెప్పు ఒక కథ మన ప్రాంతమున కలదు. బిజాపురమువారి పక్షమున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్‌ఖాను అచట ఒక జామియా మసీదు కట్టించెను. అది నేఁటికిని చూడఁదగినదే. మంచాల గ్రామమును రాఘవేంద్రస్వామివారికి ఇచ్చినదియు ఈయనయే యని మఠ సంప్రదాయము. 1688లో మొగలాయి సేనాని కోటను ఎంత ముట్టడించినను లొంగనందున, ఫిరంగులను ఆ మసీదువైపు త్రిప్పించెననియు, అది కూలుట చూడఁజాలక మసూద్‌ఖాను కోటను అప్పగించెననియు చెప్పుకొందురు. కథ ఎంతవఱకు నిజమైనను దానిలోని నీతి అరిస్టాటిలు వాదమే. గోడలు లోపలనున్న దానికొఱకు. లోపల ప్రాణముకంటె ప్రియముగా చూచుకొనఁదగినది ఏదియు లేనిచో కోట వట్టి ఱాళ్ళ కుప్ప.

ఇఁక రాజ్యము వ్యాపారముకొఱకు, ధనముకొఱకు అని మఱికొందఱందురు. దీనికి ఆదోని ప్రత్తివిపణిని చూడుఁడు. పంటకాలమున బండ్లును లారీలును బారులు తీరును. నాలుగు దిక్కులనుండి వర్తకులు వత్తురు. కొనువాఁడును అమ్మువాఁడును బేరము కుదుర్చుకొని మోసము లేకుండ నడుచుకొందురు. అంతమాత్రమున వారందఱు కలిసి ఒక రాజ్యమగుదురా? కారని అరిస్టాటిలు చెప్పెను. వడ్రంగి, రైతు, చెప్పులు కుట్టువాఁడు మొదలగువారు పదివేలమంది దగ్గఱదగ్గఱ నివసించుచు, ఇచ్చిపుచ్చుకొనుచు, శత్రువు వచ్చినపుడు ఒకరికొకరు తోడుపడుచున్నను, వారి బంధము అంతటితో ఆగినచో అది రాజ్యము కాదనెను. ఎందుకనఁగా సంతలో ఒకఁడు రెండవవాఁడు మంచివాఁడో కాఁడో పట్టించుకొనఁడు. వాని తూకము సరిగా నున్నచో చాలును. రాజ్యమందు అట్లు కాదు. పొరుగువాఁడు ధర్మముగా బ్రతుకుచున్నాఁడా, వానికి బ్రతుకుఁదెరువున్నదా, వాని బిడ్డ చదువుచున్నదా అను విచారము అందఱిదియు కావలెను.

బ్రతుకుటకును బాగుగా బ్రతుకుటకును భేదమేమో మన పూర్వులు ఆఁకలితో నేర్చిరి. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామము సంగతి మన తాతలు చెప్పఁగా వినియుందుము. చెన్నపురి రాజధానిలో బళ్ళారి, కర్నూలు జిల్లాలు మిక్కిలి నష్టపడినవి. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలులో చేరినది. ఆ కఱవులో పని చేయవచ్చిన మనుష్యునకు దినమునకు ఒక పౌను ధాన్యము, అనఁగా సుమారు 450 గ్రాములు, కొంచెము రొక్కము చాలునని రిచర్డు టెంపిలు అను అధికారి 1877లో నిర్ణయించెను. ఇది కష్టము చేయు దేహమునకు చాలదని చెన్నపురి ఆరోగ్యశాఖ వైద్యుఁడు కార్నిష్ వాదించెను. ఒకరిది ప్రాణము పోకుండుటకు కనీసమెంత యను లెక్క. రెండవవానిది మనుష్యుఁడు మనుష్యుఁడుగా నుండుటకు ఎంత యను లెక్క. బ్రతుకుట ఎంతలో సరిపోవునని త్రాసుపట్టుకొని తూచిన రాజ్యము తన ప్రయోజనమును మఱచినదే.

ఇచట ఒక సంగతి. బాగుగా బ్రతుకుట యనఁగా సుఖభోగములు కావు. న్యాయబుద్ధి, మితము, ధైర్యము, స్నేహము, విచారము చేయుటకు కొంత తీరిక — ఇవి కూడిన జీవితమని అరిస్టాటిలు తలంపు. అందుకు కొంత ఆస్తియు ఆరోగ్యమును కావలెననియు ఒప్పుకొనెను. విద్యవిషయమున ఆయన చెప్పినది ఉపాధ్యాయుఁడనైన నాకు విశేషముగా నచ్చినది. రాజ్యమునకు ప్రయోజనము ఒక్కటే కావున విద్యయు అందఱికి ఒక్కటిగా నుండవలెను. అది ఎవరి బిడ్డను వారు తమకు తోఁచినట్లు చూచుకొను సొంత వ్యవహారము కాక, రాజ్యము వహింపవలసిన బాధ్యత యని ఆయన మతము.

రాజ్యములను వేఱుచేసి చూచుటకు ఆయన చెప్పిన కొలత మఱింత ఉపయోగకరము. ఏలువాఁ డొకఁడా, కొందఱా, పెక్కుమందియా అని అందఱును లెక్కింతురు. ఆయన అంతటితో నాగక, ఎవరి మేలుకొఱకు అని అడిగెను. ఒకఁడు ఏలినను అందఱి మేలు చూచినచో రాజు. తన మేలే చూచుకొన్నచో నిరంకుశుఁడు. కొందఱేలినను అట్లే, ఉత్తములు కావచ్చును, ధనికుల ముఠా కావచ్చును. పెక్కుమంది యేలినను అంతే. తమ వర్గపు లాభమునే చూచినచో అదియు చెడినదే.

ఈ కొలతతో మన దత్తమండలముల చరిత్రను కొలువవచ్చును. 1800 మొదలు 1807 వఱకు థామస్ మన్రో ఇచట ప్రధాన కలెక్టరు. రైతువారీ పద్ధతిని స్థాపించి పొలములు కొలిపించి శిస్తు కట్టెను. ఆ శిస్తు భారమైనదని ఆయనయే గ్రహించి, నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపవలెనని 1807లో వ్రాసెను. చెన్నపురి పైయధికారులు అప్పుడు అంగీకరింపలేదు. ఆయనయే గవర్నరై వచ్చిన తరువాత 1820 తరువాయి సంవత్సరములలో ఆ తగ్గింపు అమలునకు వచ్చెను. 1827 జులై 6న పత్తికొండలో కలరా సోఁకి ఆయన మరణించెను. కంపెనీ లాభముకొఱకు వచ్చిన ప్రభుత్వమే అది. అందు సందేహము లేదు. ఐనను, రైతునకు మిగులు ఎంత యని అడిగిన అధికారిని జనులు తరతరములు తలఁచుకొనిరి; ఎంత పిండవచ్చునని అడిగినవారి పేళ్ళు మఱచిరి. కొలత అరిస్టాటిలుది, తీర్పు మన రైతులది.

ఇప్పుడు గురువైన ప్లేటో దగ్గఱకు పోదము. ఈయన మాట ఎమ్మిగనూరువారికి వెంటనే అర్థమగును. రాజనీతిజ్ఞుఁడు ఎట్టివాఁడో తెలుపుటకు ప్లేటో తన గ్రంథ మొకదానిలో నేఁతపనిని ఉపమానముగా తీసికొనెను. పడుగు గట్టిగా మెలిపెట్టిన నూలు. పేక మెత్తని నూలు. పడుగు ఒక్కటియే ఐనచో బట్ట కాదు. పేక ఒక్కటియే ఐనను కాదు. మనుష్యులలోను తెగువ గలవారు కొందఱు, నెమ్మది గలవారు కొందఱు. తెగువవారే యేలిన రాజ్యము కలహములలో మాడిపోవును. నెమ్మదివారే యేలినచో ఇతరులకు లోఁబడి పోవును. ఈ రెండు విధములవారిని అడ్డముగను నిలువుగను కలిపి, అందఱిని కప్పునంత వెడల్పుగల ఒకే వస్త్రముగా నేయుట రాజనీతి యని ఆయన యభిప్రాయము. మగ్గముముందు కూర్చుండి ఆసు తిరిగిన దినములు ఎఱిఁగినవారికి ఇంతకంటె మంచి పాఠము చెప్పలేము.

కాని ప్లేటో మగ్గమునుండి ఉపమానము తీసికొనెనే గాని, నేఁతగానికి పాలనలో చోటు ఇయ్యలేదు. ఆయన ఆదర్శరాజ్యమున తత్త్వజ్ఞానులు ఏలుదురు, యోధులు కాతురు, రైతులును పనివారును తమ తమ పనులు చేసికొందురు. ఎవరి పని వారు చేయుటయే న్యాయమని ఆయన సిద్ధాంతము. అరిస్టాటిలుకూడ చేతిపనివారు ఉత్తమ రాజ్యమున పౌరులు కాఁదగరనియు, కొందఱు స్వభావముచేతనే దాసులనియు వ్రాసెను. ఏథెన్సు సభలో స్త్రీలకును, దాసులకును, పరదేశమునుండి వచ్చి స్థిరపడినవారికిని స్థానము లేదు. మహాపండితులైనను ఇది దోషమే. మన వర్ణవ్యవస్థలోని ఇట్టి దోషములను చూచినవారము కనుక, వారి దోషమును గుర్తుపట్టుట మనకు కష్టము కాదు.

విచిత్రమేమనఁగా ఈ దోషమునకు విరుగుడుకూడ ప్లేటో గ్రంథములలోనే కలదు. ప్రొటాగొరాసు అను వేఱొక పండితుఁడు చెప్పినట్లు ఆయన ఒక కథ వ్రాసెను. మొదట మనుష్యులు పట్టణములు కట్టుకొని కలిసి బ్రతుకఁజూచిరి కాని, ఒకరినొకరు బాధించుకొని చెదరిపోవుచుండిరి. దేవరాజైన జ్యూసు జాలిపడి, సిగ్గును న్యాయబుద్ధిని వారికిమ్మని హెర్మీజు అను దేవదూతను పంపెను. దూత యడిగెను: వైద్యము ఊరికి ఒకనికి తెలిసిన చాలును, ఇవికూడ అట్లే కొందఱికే ఈయనా, అందఱికిని పంచనా? అందఱికిని పంచుము, కొందఱికే యున్నచో పట్టణములు నిలువవని జ్యూసు ఆజ్ఞాపించెను. కనుకనే ఓడ కట్టుటకు ఓడలు కట్టువానిని మాత్రమే అడుగుదురు గాని, న్యాయాన్యాయముల సంగతి వచ్చినపుడు కమ్మరి మాటయు వర్తకుని మాటయు విందురు.

అరిస్టాటిలుకూడ ఒకచోట దీనికి దగ్గఱగా వచ్చెను. ఒకఁడు పెట్టిన విందుకంటె పదుగురు తలయొక పదార్థము తెచ్చి కలిపిన విందు మేలనెను. వంట ఎట్లున్నదో వండినవానికంటె తిన్నవాఁడే బాగుగా చెప్పఁగలఁడనియు, ఇల్లు ఎట్లున్నదో కట్టినవానికంటె కాపురమున్నవానికే బాగుగా తెలియుననియు చెప్పెను. మనము దీనిని ఇట్లు చెప్పుకొందము: తుంగభద్ర దిగువకాలువ నీరు సరిగా పాఱుచున్నదో లేదో పటము గీసిన యింజనీరుకంటె కాలువ చివర పొలమున్న రైతు బాగుగా చెప్పఁగలఁడు.

ఇప్పుడు ఎఱ్ఱగుడికి పోదము. అరిస్టాటిలు మరణించిన డెబ్బది సంవత్సరములలోపలనే అశోకుని శాసనములు వెలువడినవి. వానిలో రాజ్యప్రయోజనము స్పష్టముగా చెప్పఁబడినది. మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పఱచితిననియు, త్రోవలలో బావులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు రెండవ శాసనము చెప్పును. భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను, ఉద్యానమున నున్నను, ప్రజల పని వచ్చినపుడు నాకు తెలుపవలసినదే. సర్వలోకహితముకంటె మించిన పని లేదు. నా శ్రమయంతయు ప్రాణికోటికి నేను పడిన ఋణము తీర్చుకొనుటకే యని ఆఱవ శాసనము చెప్పును. ఏలుట ప్రజలకు చేయు ఉపకారము కాదు, తీర్పవలసిన ఋణమట! ఈ మాట మన సీమ ఱాతిమీఁద నున్నదని మన బిడ్డలలో ఎందఱెఱుఁగుదురు?

అచటనే యున్న చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, తరువాతివి కుడినుండి ఎడమకును నడచును. ఎద్దులు చాలు చివర మళ్ళినట్లు మళ్ళు ఈ వ్రాఁతకు యవనభాషలో ఎద్దు మలుపు అను అర్థమిచ్చు పేరు కలదు. తల్లిదండ్రుల మాట వినవలెను, ప్రాణులయందు దయ యుండవలెను, సత్యము పలుకవలెను అని దానిలో నున్నది. ఈ నీతిని శిష్యులకు నేర్పుఁడని మావటివారికిని, కరణకులు అను వ్రాయసకాండ్రకును, బ్రాహ్మణ గురువులకును ఆజ్ఞాపింపఁబడినది. మన కరణమను పేరు ఎంత పాతదో చూచితిరా!

అశోకుని శాసనములు యవనభాషలోకూడ వ్రాయఁబడినవి. నేఁటి ఆఫ్గనిస్తానమందలి కాందహారులో 1958లోను, 1963లోను అవి దొరకినవి. ధర్మమను మాటకు అచట యూసెబేయా అని వ్రాసిరి. భక్తి, పెద్దలయెడ వినయము అని దాని యర్థము. రెండు లోకములు ఒక మాటకై వెదకికొన్న చోటు అది.

ఇంత సామ్యమున్నను ఒక భేదము మఱువరాదు. అశోకుఁడు తండ్రివలె మాటలాడును. ఆయన దయ గొప్పది. కాని ఇచ్చువాఁ డొకఁడు, పుచ్చుకొనువా రందఱు. అరిస్టాటిలు మాత్రము తండ్రి బిడ్డలను ఏలుట వేఱు, సమానులైన స్వతంత్రులు వంతులవారీగా ఏలుటయు ఏలఁబడుటయు వేఱు అనెను. పౌరుఁడనఁగా ఊరిలో కాపురమున్నవాఁడు కాఁడు. పన్ను కట్టువాఁడును కాఁడు. ఆలోచనలోను తీర్పులోను పాలుగలవాఁడని నిర్వచించెను. ఎఱ్ఱగుడి ఱాయి రాజ్యము ఎందులకో మనకు చెప్పినది. అది ఎవరిచేత నడువవలెనో ఏథెన్సు చెప్పినది. రెండును కలిసినఁగాని పని నెఱవేరదు.

అట్లు కలిపిన ఉదాహరణము మన కన్నులముందే ఒకటి కలదు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు నేఁతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. వారికి 1954లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. అంతకుముందు నేఁతగాని బ్రతుకు మనకు తెలిసినదే. నూలు అప్పుగా తెచ్చుకొనుట, నేసిన బట్ట అప్పిచ్చినవాఁడు చెప్పిన వెలకే యిచ్చుట. సంఘము నూలు సమకూర్చి, బట్టను అమ్మిపెట్టెను. సహకార సంఘములలో ధనము ఎంత పెట్టినను సభ్యునకు ఓటు ఒక్కటే. ప్లేటో సభకు పిలువని నేఁతగాఁడు ఇచట సభ్యుఁడై లెక్కలు అడిగెను. పిదప మరమగ్గముల పోటీచేత చేనేఁత తగ్గినది. సంఘములకు కష్టకాలములు వచ్చినవి. ఐనను మగ్గము నేయువాఁడు తన వ్యవహారమును తానే నడుపుకొనఁగలఁడను సత్యము మాత్రము ఋజువైనది.

ఇఁక మన గ్రామము సంగతి. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణచేత గ్రామసభకు రాజ్యాంగమున చోటు దొరకినది. ఊరి ఓటర్ల పట్టికలోని ప్రతివారును దానిలో సభ్యులే. ఏథెన్సువారు చేయనిది మనము చేసితిమి. పంచాయతీలలో మూఁడవవంతునకు తక్కువకాకుండ స్థానములు స్త్రీలకున్నవి. అన్ని కులములవారికిని చోటున్నది. నిక్స్ మిట్టకంటె మన రచ్చబండ విశాలమైనది.

కాని అచటికి పోయి మనము చేయునదేమి? నేను చూచినంతలో చాలచోట్ల పుస్తకమున చేవ్రాలు చేసి యింటికి మరలుదురు. ఆ పుస్తకము చూచినవానికి ఊరంతయు ఆలోచించినట్లే యుండును. అరిస్టాటిలు నిర్వచనముచొప్పున అచట చేవ్రాళ్ళున్నవి గాని పౌరులు లేరు.

ఆలోచింపవలసినవి లేకనా? నేను ముప్పది యేండ్లకు పైగా ఈ ప్రాంతపు పాఠశాలలలో చదువు చెప్పితిని. ప్రతి సంవత్సరము పైరుకోఁతలు ముగిసినవెంటనే ఆదోని, కోసిగి, మంత్రాలయము వైపు పల్లెలనుండి జనులు మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు వలసపోవుదురు. ఇంటికి తాళము పడును. బిడ్డలు తల్లిదండ్రులవెంట పోవుదురు. హాజరుపట్టీలో పేరుండును, పిలిచినచో పలుకువారుండరు. వేసవిలో తిరిగివచ్చిన పిల్లవాఁడు అంతకుముందు నేర్చిన గుణింతము మఱచియుండును. కొందఱు తిరిగి బడికే రారు. వారు బ్రతుకుటకై పోయిరి. అది తప్పు కాదు. కాని బ్రతుకుటకై బాగుగా బ్రతుకుటను విడిచిపెట్టవలసి వచ్చినది. ఇరువది మూఁడు శతాబ్దములక్రిందటి ఆ భేదము నాకు గ్రంథములో కంటె హాజరుపట్టీలోనే స్పష్టముగా కనఁబడినది.

కావున పెద్దలకు నా విన్నపము. రాఁబోవు గ్రామసభలో మూఁడు ప్రశ్నలు అడుగుఁడు. ఈ యేఁడు వలసపోవు ఇండ్లెన్ని, ఆ బిడ్డలు ఊరిలోనే యుండి చదువుటకు వసతి యేది? ఉపాధిపనులు వలసకు ముందే మొదలగునా, ఇండ్లకు తాళములు పడిన తరువాతనా? కాలువ చివరి పొలమునకు నీరు ఎన్ని దినములు వచ్చినది? అడిగిన తరువాత, గట్టున నిలిచియున్న స్త్రీలను, ఊరిచివరి వాడవారిని ముందు చెప్పనిండు. విందు ఎట్లున్నదో తిన్నవారు చెప్పవలెను గదా. తినుటకు అందనివారు అంతకంటె ముందు చెప్పవలెను.

చాటింపువాని గొంతు వినఁబడునంత మేరకే రాజ్యముండుట మంచిదని అరిస్టాటిలు తలంచెను. రేడియో వచ్చిన పిదప గొంతు దేశమంతటను వినఁబడుచున్నది. కాని దీనిలో ఒక లోపము కలదు. నా మాట మీకు వినఁబడును. మీ మాట నాకు వినఁబడదు. ప్రసంగమునకు ఇది చాలును గాని రాజ్యమునకు చాలదు. మీ మాట వినఁబడు చోటు గ్రామసభ. అచటికి పోయి పలుకుఁడు.